ఎడమ మలుపులో ఆరిపోయే దీపం

మిణుగురూ మిణుగురూ ముందర నడువు,
మా అమ్మ వాకిట ముగ్గు దాకా నడువు,
కొండ దిగిన చీకటి కొంగు పట్టుకుంటే...

ఆ తర్వాత ఇంకో ముక్క ఉంది పండూ. అది నాకు రాదు. ఈ పాట పైడమ్మది. ఆ ముక్క పైడమ్మకీ రాదు. ఎందుకు రాదో చెబుతాను, కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడమ్మ, ఆమె మొగుడు అప్పలకొండ ఉండేవాళ్ళు. పైడమ్మ తల్లి నూకాలమ్మ కొండ మీద ఊళ్ళో ఉండేది.

అప్పలకొండకి ఒక పాత మోటారు సైకిలు ఉండేది. పొద్దున్నే తన్నితే ముసలాయనలా దగ్గి దగ్గి లేచేది. దాని ముందు దీపం మరీ వింత. ఇంజను నడిస్తేనే వెలిగేది. ఇంజను అరిస్తే పెద్దగా, నీరసిస్తే చిన్నగా.

"అల్లుడూ, నా పిల్లని ఈ గుడ్డి గుర్రం ఎక్కించి తిప్పుతున్నావు" అనేది నూకాలమ్మ.

"గుర్రానికి కళ్ళున్నాయి అత్తా, కాకపోతే నిద్ర కళ్ళు" అనేవాడు అప్పలకొండ.

ఒకసారి అతను బురదలో జారి పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. పైడమ్మకి భయం పట్టుకుంది. అప్పుడు దసరా వచ్చింది. ఊళ్ళో అందరూ నాగళ్ళకీ కత్తులకీ బొట్లు పెట్టుకున్నారు. పైడమ్మ బండిని కడిగింది, పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. ఆ తర్వాత దిష్టి తగలకూడదని దాని మెడకి నల్లదారం కట్టింది. చుట్టు మీద చుట్టు చుట్టి, పళ్ళతో లాగి మరీ ముడేసింది. మెడ అంటే హ్యాండిలు వచ్చి బండిలో కలిసే చోటు. దారం కింద ఏమేం నలుగుతున్నాయో ఆమె చూడలేదు. గట్టిగా కడితే గట్టిగా కాపాడుతుంది అనుకుంది, అంతే.

ఆ దసరా పోయింది. చలి పోయింది, ఎండలు పోయాయి. ఆ తర్వాత ముసురు పట్టింది.

ఒకనాడు మధ్యాహ్నం కొండ దిగివచ్చిన బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "పైడమ్మా, మీ అమ్మకి బాగోలేదు. నీళ్ళు కూడా దిగట్లేదట. నిన్నే కలవరిస్తోందట" అని చెప్పాడు. పైకి వెళ్ళే బస్సు ఇక ఆ రోజుకి లేదు.

పైడమ్మ ఏడవలేదు. బావి దగ్గరికి పరుగెత్తి చేద వేసింది. నూకాలమ్మ ఎప్పుడొచ్చినా "మీ బావి నీళ్ళు తియ్యనే" అని చెంబెడు తాగేది. ఆ నీళ్ళే ఒక సీసాలో నింపి, పాలిథిన్ కవరు చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ నోట్లో ఆ నీళ్ళు తన చేత్తో పొయ్యాలి. ఇంకొకటి కూడా ఉంది. చిన్నప్పటి పాటలో పోయిన ముక్కని అమ్మని అడగాలి. అమ్మకి తప్ప అది ఇంకెవరికీ తెలియదు.

"అమ్మని నేనందుకుంటానా మావా?"

"మా అత్త నన్ను ఇంకొక్కసారైనా తిట్టకుండా పోదు. ఎక్కు."

కొండదారి మొదలయ్యేసరికి మంచు దిగింది. సాయంత్రం కాకుండానే మసక కమ్మింది. దారికి ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దీపం లేకపోతే ఏది ఏదో తెలియదు. అప్పుడు ఒక ఎడమ మలుపు వచ్చింది. దీపం ఠక్కున ఆరిపోయింది.

అప్పలకొండ బండి ఆపాడు. స్టాండు వేసి నిటారుగా నిలబెట్టాడు. "బల్బు మాడినట్టుంది" అన్నాడు. పెట్టెలో దూదిలో చుట్టి దాచిన కొత్త బల్బు తీసి మార్చాడు. ఇంజను తన్నాడు. దీపం వెలిగింది. పైడమ్మ సీసాని గుండెకి హత్తుకుని ఎక్కింది.

తిన్నటి దారిలో వెలిగింది. కుడి మలుపులో వెలిగింది. ఆ తర్వాత ఎడమ మలుపు వచ్చింది. మళ్ళీ ఆరిపోయింది.

మళ్ళీ ఆపాడు. మళ్ళీ నిటారుగా నిలబెట్టాడు. "స్విచ్చిలో చెమ్మ చేరింది" అన్నాడు. దాన్ని విప్పి, ఆమె కొంగుతో తుడిచి, అగ్గిపెట్టె గరుకుతో రాకాడు. దీపం వెలిగింది.

"ఇక చస్తే ఆరదు చూడు" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆమె సీసా మూత బిగించుకుంది.

మూడోసారి కూడా ఎడమ మలుపులోనే ఆరింది.

ఈసారి అప్పలకొండ స్టాండు వెయ్యలేదు. "ఆరినప్పుడల్లా ఎడమకే తిరుగుతున్నాను పైడీ. నేనేమో ప్రతిసారీ తిన్నగా నిలబెట్టి చూస్తున్నాను. హ్యాండిలు తిన్నగా ఉంటే దీపం వెలుగుతూనే ఉంటుంది. వెళ్ళి ముందర నిలబడు. నీ చీర మీద వెలుగు పడితే ఉందను. పోతే పోయిందను."

ఆమె వెళ్ళి మంచులో నిలబడింది. అతను హ్యాండిలు మెల్లగా తిప్పాడు.

"ఉంది... ఉంది మావా... ఉంది... పోయింది."

అతను బండి మెడ దగ్గరికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. ఇంజను ఆపేశాడు. చీకట్లో ఆమెకి అతని వీపు తప్ప ఏమీ కనబడలేదు.

"ఏటైంది మావా?"

"తీగ. పైన తొడుగు బాగానే ఉంది. లోపల రాగి తెగిపోయింది."

"ఎందుకు తెగింది?"

అతని మోచేతులు కాసేపు కదిలాయి. ఆ తర్వాత, "పాతబడిపోయింది కదే" అన్నాడు. "ఆ సీసాకి చుట్టిన కవరు ఇలా ఇయ్యి."

పళ్ళతో తొడుగు ఒలిచి, రాగి కొసలు రెండూ మెలేసి, కవరు ముక్క చుట్టాడు. ఇంజను తన్నాడు. హ్యాండిలు ఎడమకి తిప్పాడు. ఉంది. కుడికి తిప్పాడు. ఉంది. అటుపైన ఏ మలుపులోనూ దీపం ఆరలేదు.

కొండ మీద ఊరు వచ్చింది. దీపం వెలుగు పెద్దగా అమ్మ వాకిట్లో పడింది. వాకిట్లో ముగ్గు లేదు. జనం ఉన్నారు. అరుగు మీద నూకాలమ్మ పడుకుని ఉంది, తలాపున ప్రమిద ఉంది. అప్పలకొండ ఇంజను ఆపేశాడు. పెద్ద దీపం ఆరిపోయి చిన్న దీపం మిగిలింది.

"ఇప్పుడే పోయిందమ్మా" అంది పక్కింటి ముసలామె. "ఆ ప్రమిదలో ఒత్తి ఇంకా ఒకసారైనా ఎగదొయ్యలేదు."

పైడమ్మ సీసా మూత తీసి, అమ్మ పెదాలు తడిపింది. తియ్యటి నీళ్ళు పెదాల చివరి నుంచి జారిపోయాయి. పాట అడగలేదు. ఎవరిని అడుగుతుంది?

ఆ తర్వాత చాలాకాలం పైడమ్మ ఒకే మాట అనేది. "ఆ తీగ ఒక్కటీ తెగకుండా ఉంటే అందుకునేదాన్ని మావా."

"నాదే తప్పు. పాతబండి, ముందే చూసుకోవాల్సింది" అనేవాడు అతను. కొండ మీద చుట్టాలు "గుడ్డి గుర్రం చేసిన పని" అని దెప్పేవాళ్ళు. అతను తల వంచుకుని వినేవాడు. 

ఏళ్ళు గడిచాయి. ప్రతి దసరాకీ బండికి బొట్టు అతనే పెట్టేవాడు, ఆమెని ముట్టనిచ్చేవాడు కాదు. అప్పలకొండ మంచం పట్టాడు. బండి పంచలో దుమ్ము పట్టింది. అప్పుడు మళ్ళీ దసరా వచ్చింది. ఎవరూ ఎక్కని బండే అయినా పైడమ్మ తుడిచి బొట్టు పెట్టింది. కొత్త దారం కడదామని పాతది విప్పబోయింది.

ముడి తనది కాదు.

దారం తనదే. కానీ వేలు దూరేంత వదులుగా ఉంది. దాన్ని పక్కకి జరిపి చూసింది. కింద తీగల కట్ట మీద దారం కోసుకుపోయిన గాట్లు ఉన్నాయి. ఒక తీగకి అతుకు ఉంది. అతుకు మీద ఆనాటి సీసా కవరు ముక్క, మసిబారిపోయి ఉంది. పైడమ్మ హ్యాండిలు ఎడమకి తిప్పింది. తీగలు సాగాయి, వదులు దారం వాటితోపాటే జరిగింది. బిగిసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది. ఆమె ఆ వదులు ముడిని చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుంది.

సందెదీపం వేళకి లేచి లోపలికి వెళ్ళింది. మంచం పట్టె మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"మావా, ఆ రోజు తీగని తెంపింది నా దారమేనా?"

అంతే పండూ. కథ కొండ దాటి కంచికి, మనం కొంగు పట్టుకుని ఇంటికి. ఇక పడుకో.

ఏమిటి, ఇంకా నిద్రపోలేదూ? ఆయన ఏమన్నాడా? అన్నాడు నాన్నా. ఆమె వేళ్ళని తన వేళ్ళతో కొంచెం నొక్కి అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట.

"నీ దారాన్ని తెంపలేదే పైడీ. కాస్త వదులు చేశానంతే."