కాగని నీళ్లు

మౌలాలి గొంతు బాగుందని ఎవరన్నా అంటే దస్తగిరికి ఆ పూట అన్నం సయించేది కాదు.

దస్తగిరి చాలా ఏళ్లుగా పీరాసాబు తాతకు శిష్యుడు. ప్రతి గురువారం సాయంత్రం తాత ఇంట్లో ఊరివాళ్లు చేరి తత్వాలు పాడుకుంటారు. మొదటి తత్వం ఎప్పుడూ దస్తగిరిదే. ఎవరూ రాసివ్వకపోయినా అది తన హక్కనే అనుకున్నాడు. మొన్నటి వేసవిలో గుత్తి వైపు నుంచి మౌలాలి అనే కుర్ర శిష్యుడు వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకే తాత అతన్ని పిలిచి, "ఈ పొద్దు నువ్వు మొదలుపెట్టు నాయనా" అన్నాడు. ఆ తర్వాత దస్తగిరిని అడగనే లేదు.

అప్పటినుంచి దస్తగిరి పని పక్కన కూర్చుని తాళం వేయడం. కావాలనే ఒకటి రెండుచోట్ల తాళం తప్పించేవాడు. మౌలాలి ఆ తప్పును కూడా పాటలో కలిపేసుకుని పోయేవాడు. దాంతో ఇంకా ఒళ్లు మండేది.

పాట చేజారినా ఇంకో పెద్దరికం మిగిలింది. ఆ ఇంటి కరెంటు పనులన్నీ దస్తగిరివే. ఇన్వర్టర్ తెచ్చి బిగించింది అతనే. దాని మీద హీటరు గానీ ఇస్త్రీపెట్టె గానీ వేస్తే మోయలేక ఆగిపోతుందని అందరినీ కసురుకునేదీ అతనే.

ఆ గురువారం పొద్దు గుంకే వేళకు కరెంటు పోయింది. వెంటనే ఇన్వర్టర్ అందుకుంది. లైట్లు, ఫ్యాన్లు, మైకు ఏవీ ఆగలేదు. మౌలాలి పల్లవి ఎత్తుకున్నాడు. ముందు కూర్చున్న ఒక ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. దస్తగిరి పాడినప్పుడు ఆమె ఒక్కనాడూ కళ్లు తుడుచుకోలేదు. కునుకు తీసిన రోజులు మాత్రం ఉన్నాయి.

దస్తగిరి లేచాడు. వంటింటి గుమ్మం పక్కన కళ్లు మూసుకుని కూర్చున్న తాతను దాటుకుని లోపలికి పోయాడు. మూలనున్న తాగేనీళ్ల బకెట్లో హీటరు దించి స్విచ్ నొక్కాడు.

ఇన్వర్టర్ ఒక కూత పెట్టి ఆగిపోయింది. మైకు మూగబోయింది. పాట మధ్యలో తెగి, ఇల్లంతా చీకటైంది.

"దస్తగిరీ, యాడున్నావప్పా? నువ్వే చూడల్ల" అని జనం పిలిచారు. తనను అలా పిలిచి ఎన్నాళ్లయిందో. దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. గబగబా బయటికి వచ్చాడు. కాసేపు వైర్లు తడిమి, ఎవరూ చూడకుండా పోయి హీటరు తీసేస్తే సరిపోతుందనుకున్నాడు. తిరిగి చూస్తే తాత తన పీటను వంటింటి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"ఉక్కగా ఉంది నాయనా. ఈడ కొంచెం గాలొస్తాంది" అన్నాడు తాత.

దస్తగిరి ఇన్వర్టర్ ఆపి, కాసేపు ఆగి వేశాడు. అది కూత పెట్టి, ఎర్ర లైటు చూపించి ఆగిపోయింది. బ్యాటరీ వైర్లు బిగించాడు. మళ్లీ కూత. మైకు పీకేశాడు. ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేశాడు. అయినా అదే కూత. ఇంట్లో ఏదీ నడవనప్పుడు అది దేన్ని మోయలేక ఏడుస్తోందో జనానికి అర్థం కాలేదు. అర్థమైన ఒక్కడికీ చెమటలు కారుతున్నాయి.

ఫోను లైటు పట్టుకుని పక్కన నిలబడింది మౌలాలే. పాట ఆగిపోయినందుకు వాడి ముఖంలో కాస్త చిరాకైనా లేదు. ఉంటే దస్తగిరికి కొంత హాయిగా ఉండేది.

"అన్నా, లోపల యాడన్నా ఇంకేమన్నా వేసి ఉందేమో చూసొద్దునా?" అన్నాడు మౌలాలి.

"నీకేం తెలుసురా? లైటు సరిగ్గా పట్టు."

ఇలాగే నొక్కుతూ పోతే లోపల ఏదో ఒకటి కాలిపోతుందని దస్తగిరికి తెలుసు. కొంచెం జరుగు తాతా, లోపలికి పోవాల అంటే చాలు. ఆ ఒక్క మాట నోరు దాటి రాలేదు. మళ్లీ నొక్కాడు.

తాత లేచి వంటింట్లోకి వెళ్లాడు. లోపల స్విచ్ టక్కుమంది.

"ఇప్పుడు వేయి నాయనా" అని వినిపించింది.

దస్తగిరి వేశాడు. ఈసారి కూత లేదు. ఒక్కో లైటూ, ఒక్కో ఫ్యానూ వేసుకుంటూ వచ్చాడు. అన్నీ నిలబడ్డాయి.

"దస్తగిరి చేతిలో ఏదో ఉందప్పా" అన్నారెవరో. అతను తలెత్తలేదు.

తాత చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికి వచ్చాడు. ఇక అందరి ముందూ చెప్పేస్తాడని దస్తగిరి గోడకు ఆనుకుపోయాడు. ఈ ఇంట్లో తనకు ఇదే చివరి గురువారం అనుకున్నాడు. తాత చెంబు మౌలాలికి ఇచ్చాడు.

"తాగు నాయనా. నీ గొంతు ఎండిపోతుందని మీ అన్న నీళ్లు కాచబెట్టినాడు. ఇంగా కాగలేదు."

మౌలాలి చెంబును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ చల్లటి నీళ్లను చివరి గుక్కదాకా తాగాడు.

"నాకోసమా అన్నా" అన్నాడు.

దస్తగిరి వంగి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

పాట మళ్లీ మొదలైంది. తాత వచ్చి దస్తగిరి పక్కన కూర్చున్నాడు. మౌలాలి ఒక చరణం ముగించి ఊపిరి తీసుకునేటప్పుడు, తాత దస్తగిరితో చిన్నగా అన్నాడు.

"వచ్చే గురువారం పొయ్యి మీద పెట్టు."