అరవై ఓల్టుల బండి

ఆదోనిలో మోటార్లకు తీగ చుట్టే ఖాదర్‌వలి ఉస్తాద్ దగ్గర గిడ్డయ్య పనికి చేరి మూడేళ్లయింది. పాత స్కూటరు ఇంజను పీకేసి, బ్యాటరీ పెట్టి, అక్క కోసం కరెంటు బండి చేస్తున్నాడు. అక్క సుంకులమ్మ గుట్ట మీది ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. రోజూ నడిచి ఎక్కి, నడిచి దిగుతుంది. రేపు పొద్దున బండి ఇస్తానని ఆమెకు మాటిచ్చాడు.

బండి సిద్ధంగానే ఉంది. గిడ్డయ్య చెయ్యే మాట వినడం లేదు.

వారం కిందట పెద్ద పొరపాటు చేశాడు. యాక్సిలరేటరు పిడికి కావలసింది ఐదంటే ఐదు ఓల్టులు. చార్జింగు ఎంతుందో చూపే చిన్న దీపం కూడా ఆ పిడిలోనే ఉంటుంది కాబట్టి, దానికి బ్యాటరీ నుంచి నేరుగా ఇంకో తీగ వస్తుంది. రెండు తీగలూ ఎర్రవే. మన మొనగాడు ఎరుపుకు ఎరుపు కలిపి ముడేశాడు. తాళం తిప్పాడో లేదో, పిడి ముట్టకుండానే బండి ఎగిరి దూకి షెడ్డు గోడను గుద్దింది. అప్పుడే దాని మీంచి దిగిన అతని కూతురు రెండడుగుల అవతల నిలబడి ఉంది.

పాపకేం కాలేదు. గిడ్డయ్యకు మాత్రం ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు.

కాలిపోయినవన్నీ మార్చాడు. కొత్త పిడి తెచ్చాడు. తీగలు విడదీసి, మీటరు పెట్టి మూడుసార్లు చూసుకున్నాడు. ఐదు ఓల్టులే. వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండెక్కించాడు. ఇక పిడి ప్లగ్గు పెట్టి తాళం తిప్పడమే. తాళం చెవి పట్టుకోవడం, మళ్లీ వదిలెయ్యడం.

"ఈ బయం ఎప్పుడు పోతాది ఉస్తాద్? ఎవురికన్నా చెప్పుకోవాలన్నా సిగ్గయితాంది" అన్నాడు చివరికి.

ఉస్తాద్ చుడుతున్న మోటారు పక్కనపెట్టి లేచి వచ్చాడు.

"పా, ఇద్దరం తిప్పుదాం."

గిడ్డయ్య ప్లగ్గు పెట్టి తాళం చెవి పట్టుకున్నాడు. ఆ చేతి మీద ఉస్తాద్ తన చెయ్యి వేశాడు. గిడ్డయ్య ఉలిక్కిపడ్డాడు. ముసలాయన అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది.

"మీకు కూడానా ఉస్తాద్?"

"నలభై యాండ్లాయ, ఇంకా పోలే."

అంతే అన్నాడు. చెయ్యి తియ్యలేదు, తాళమూ తిప్పలేదు.

గిడ్డయ్య తాళం చెవి బయటికి లాగి, ప్లగ్గు పీకేశాడు. తీగలు మూడుసార్లు చూశాడు గానీ, పిడిని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు టార్చి వేసి దాన్ని తిరగేశాడు. రబ్బరు అంచు కింద చీమల్లాంటి అక్షరాలు. దీపానికి నలభై ఎనిమిది ఓల్టులే.

బ్యాటరీ అరవైది. గుట్ట ఎక్కలేదేమోనని తనే మొన్న పెంచాడు. దుకాణంలో మాత్రం అలవాటుకొద్దీ పాత కొలతే చెప్పాడు. ఆ దీపం అరవైకి తట్టుకోలేదు. ఇవాళ ఎలాగో వెలిగినా, రేపో ఎల్లుండో కాలి, ఆ కరెంటు పక్క తీగలోకి దూరితే బండి మళ్లీ దూకుతుంది. గుట్ట దిగే మలుపులో, అక్క కూర్చుని ఉండగా.

గిడ్డయ్య టార్చి ఆర్పి నేల మీద కూర్చున్నాడు.

"అరవై ఓల్టులది దొరికేదానికి రెండు దినాలు పడతాది. రేపు ఇస్తానంటిని. అక్కకు ఏమని చెప్పేది ఉస్తాద్?"

ఉస్తాద్ అరచేతులు గుడ్డకు తుడుచుకుంటూ మోటారు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"బయపడితినని చెప్పు" అన్నాడు.