మా ఆవిడ సంగతి

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు తాయారమ్మ గారికి లేదు. తెనాలిలో ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలిగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నాలు పాత శిష్యురాళ్ళు వచ్చి కూర్చుంటారు, మనసులో ఉన్నది అడుగుతారు. ఆమె వింటారు, చేతికేదో పని అందిస్తారు, ప్రశ్న దానంతటది ఉడకాలన్నట్టు ఊరుకుంటారు.

ఆ ఆదివారం కమలిని ఒక్కతే వచ్చింది. వచ్చీరాగానే అడిగేసింది.

"టీచర్ గారూ, విడాకులు తీసుకుని పోయిన మనిషికి ఇంకా తిండి పెట్టమనడం ఏం న్యాయమండీ? ఆ ఇంట్లో ఇప్పుడుంటున్నది నేను కదా."

అలా విడిపోయిన మనిషి భ్రమరాంబ, కమలిని భర్త ఉమాపతికి మొదటి భార్య. విడాకులయ్యాక మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అలాంటి భార్యకు మనోవర్తి అడిగే హక్కు చట్టంలో ఉంది, అడిగింది. మర్నాడే వాయిదా. మేచింగ్ జాకెట్ గుడ్డలమ్మే కొట్టు తనదేనని, ఉమాపతి అక్కడ ఊరికే కూర్చుంటాడని, ఆయనకంటూ సంపాదన లేదని కమలిని సాక్ష్యం చెప్పాలి. చెబితే భ్రమరాంబకి దక్కేదేమీ ఉండదు. అది అబద్ధమని కమలినికి తెలుసు. తెలిసే ఒప్పుకుంది.

డబ్బు మిగులుతుందని కాదు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె భ్రమరాంబ కంచంలోనే తింటోంది. స్టీలు సామాన్ల మీద పేరు చెక్కించే ముచ్చట ఆ మొదటావిడకి మరీ ఎక్కువ. గరిటె కాడ మీద కూడా 'వి. భ్రమరాంబ' అని ఉంటుంది. కమలిని ఇసుక వేసి తోమింది. కంచం అరిగింది గానీ పేరు పోలేదు. కొట్టు వెనక గదిలో ఒకప్పుడు భ్రమరాంబ తొక్కిన మిషనే ఇప్పుడు తను తొక్కుతోంది. పప్పులో ఇంగువ కాస్త తేడాపడితే ఉమాపతి ఓ క్షణం ఆగి తింటాడు. ఆ ఆగిన క్షణంలో ఎవరి పప్పు గుర్తొచ్చిందో అడక్కుండానే తెలుసు. ఇవన్నీ చాలవన్నట్టు నెలనెలా ఆ పేరు మీద డబ్బు కూడా వెళ్ళాలా?

తాయారమ్మ గారు అంతా విన్నారు.

"నిన్ను తీసుకెళ్ళడానికి మీ ఆయన వస్తాడా?"

"వస్తారండీ. ప్లీడరు గారి దగ్గరికెళ్ళారు."

"అయితే లోపలికెళ్ళి మజ్జిగ చిలుకు. ఎండలో పడి వస్తాడు."

కమలిని వంటింట్లో కవ్వం పట్టుకుంది. కాసేపటికి స్కూటరు ఆగిన చప్పుడైంది. ఉమాపతి వచ్చి కుర్చీలో కూలబడడం కర్టెను ఇవతలికి వినబడింది.

"ఏం నాయనా, మీ ఆవిడ సంగతి ఏం ఆలోచించావు?" అన్నారు తాయారమ్మ గారు తీరిగ్గా.

"ఆలోచించడానికేముందండీ. మా ఆవిడకి కుట్టుపని వచ్చు. పొద్దస్తమానం మిషను తొక్కగలదు."

కవ్వం నెమ్మదించింది. తన పని గురించి ఆయన ఒకరి దగ్గర ఓ మంచి మాట అనడం ఇదే మొదలు. కమలిని మొహం విచ్చుకుంది.

"ఒంట్లో రోగం లేదు, రొష్టు లేదు. పిల్లా జెల్లా లేరు. చేతులాడినన్నాళ్ళూ తన పొట్ట తను పోసుకుంటుంది. ఆవిడ పోషణ నా మెడకెందుకండీ? మిషను తొక్కింది, తిండి పెట్టాను. అక్కడికి సరి."

కవ్వం ఆగిపోయింది. తనని పోషించడం ఆయనకి అంత బరువా?

"ఎవరి సంగతి నాయనా నువ్వు చెప్పేది?"

"అదేంటండీ, భ్రమరాంబ సంగతే. మీరడిగిందీ అదే కదూ?"

తను కాదు. కమలిని ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుందో లేదో కడుపు భగ్గుమంది. ఇన్నేళ్ళయినా ఆయన నోట 'మా ఆవిడ' అంటే ఆ మనిషేనా? ఆ మంటలోనే, ఆయన అన్న మాటల్లో తనకి సరిపోనిది ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కుంది. మిషను. పిల్లలు లేకపోవడం. తిండి. వెతికినకొద్దీ అన్నీ తన కొలతలకే కుట్టినట్టున్నాయి.

మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"రేపు సాక్ష్యానికి నేను రావడం లేదండీ. కొట్టు మీదేనని మీరే చెప్పుకోండి."

"మతి పోయిందా? మనోవర్తి కట్టమంటారు."

"కట్టండి."

"అబ్బో. సవతి మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?"

"ప్రేమా పాడా. ఆ పేరు వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది," అంది కమలిని. "అయినా కట్టండి."

ఉమాపతి సగం గ్లాసు వదిలేసి స్కూటరు దగ్గరికి నడిచాడు. కమలిని గడప దగ్గర ఆగింది.

"నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు టీచర్ గారూ."

తాయారమ్మ గారు గ్లాసు తీసుకుని లేచారు.

"వంటింట్లో ఒకసారి విన్నావుగా," అన్నారు. "రెండుసార్లెందుకమ్మా."