పిల్లికి దక్కిన శభాష్

కోదండానికి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. ఒంట్లో బాగానే ఉంది. గురువుగారు అన్న ఒక్క "ఆహా" అతని గొంతుకి అడ్డం పడింది. ఆ "ఆహా" తనకి వచ్చింది కాదు, లింగమూర్తికి వచ్చింది.

గురువుగారంటే వైకుంఠం గారు. కాలవగట్టు మీద పెంకుటింట్లో ఉండి పిల్లలకి మృదంగం చెప్పేవారు. కోదండం చిన్నప్పుడే ఆ ఇంటికొచ్చి, ఆ ఇంటి తిండే తిని, ఆ ఇంట్లోనే మీసం మొలిపించుకున్నాడు. గురువుగారికి కీళ్ళనొప్పులు పట్టుకుని వేళ్ళు వంగడం మానేశాక, మాఘమాసంలో ఓ పొద్దుట కాఫీ తాగుతూ ఆయన ఒక మాట అన్నారు.

"ఈసారి శ్రీరామనవమి పందిట్లో నేను కూర్చోలేనురా. నా మృదంగం నువ్వు వాయించు."

ఆయన మృదంగం ఆయన గురువు ఇచ్చింది. దాన్ని ఇంకొకరి ఒళ్ళో పెట్టడమంటే ఏమిటో ఊరందరికీ తెలుసు. కోదండం ఆ పూట కాళ్ళు నేలమీద ఆనకుండా తిరిగాడు.

ఆ తరవాత లింగమూర్తి వచ్చాడు. కోనసీమ కుర్రాడు. ప్రతి మాటకీ "ఆయ్" అంటాడు. మనిషి చూస్తే మెతక, కుడిచెయ్యి చూస్తే మెరుపు. మొదటిరోజు వాడు వాయిస్తుంటే గురువుగారు తమలపాకు నమలడం ఆపి "ఆహా" అన్నారు.

కోదండం వాయిస్తే ఆయన ఎప్పుడూ "ఊఁ" అనేవారు. ఇన్నేళ్ళూ ఆ "ఊఁ"కి ఏ లోటూ కనబడలేదు. ఇప్పుడు వింటే ఒళ్ళు మండేది. పైగా నవమి దగ్గర పడుతున్నా గురువుగారు ఆ పందిరి మాట మళ్ళీ ఎత్తలేదు. ఎందుకెత్తలేదో కోదండం తనకి తోచిన అర్థం చెప్పుకున్నాడు. మనసు పాడైనవాడికి మంచి అర్థం తోచదు కదా.

ఆ ఏడు రెండో పంట దాళ్వా కోతలు ముందే అయిపోయి, చేలల్లో ఎలుకలన్నీ ఊళ్ళోకి వచ్చేశాయి. వైకుంఠం గారింటి మీద వాటికి మరీ మక్కువ. మృదంగం ఎడమవైపు గంభీరంగా మోగాలంటే తోలు మీద తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటించాలి. వాయించడం అయిపోగానే దాన్ని గీకేసి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. లేకపోతే ఎలుకలు రవ్వతో సరిపెట్టుకోవు, తోలు కూడా రుచి చూస్తాయి. ఇంట్లో మృదంగాలన్నిటికీ రవ్వ తీసి తుడిచే పని మొదటినించీ కోదండానిదే. పెద్ద శిష్యుడు కదా, ఆ పని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఎంత తుడిచినా రవ్వ వాసన పోదు. ఎలుకలు చూరులో పరుగులు పెడుతూనే ఉన్నాయి. గురువుగారి భార్య సుందరమ్మ గారు విసిగిపోయి, చెల్లెలి ఇంటినించి ఒక పిల్లిని గంపలో పెట్టుకుని తెచ్చారు. బూడిదరంగు పిల్లి. వచ్చిన పూటే బియ్యం గాదె వెనక్కి వెళ్ళి ఒక ఎలుకని పట్టింది. పట్టి ఊరుకోలేదు, ఉయ్యాలబల్ల మీద కూర్చున్న గురువుగారి పాదాల ముందు తెచ్చి పెట్టింది.

"శభాష్!" అన్నారాయన, పిల్లి తల మీద గోకుతూ.

గుమ్మానికి అడ్డంగా పడుకున్న భీముడు తలెత్తి చూశాడు.

భీముడు ఆ ఇంటి కుక్క. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ వాడి చోటు ఆ గుమ్మమే. వాడుండగా కొత్తమనిషి గాని, పశువు గాని ఆ గడప దాటింది లేదు. అందుకు ఎవరూ వాణ్ణి మెచ్చుకున్నదీ లేదు. రెండుపూటలా అన్నం పెట్టేవారు, వాడు తినేవాడు, పడుకునేవాడు. లోకం సవ్యంగానే ఉండేది.

ఆ శభాష్ విన్నాక వాడి మతి చెడింది. మర్నాటినించి గుమ్మం వదిలేసి ఎలుకల వేట మొదలుపెట్టాడు. ఎలుకల వేటంటే నోరు మూసుకుని కూర్చోవాలి. అది వాడి వల్ల అయ్యే పనేనా? గాదె కింద మూతి దూర్చి ఊరంతా వినబడేలా మొరిగేవాడు. గోడ మూల పంజాలతో తవ్వి మట్టి గుట్టలు పోసేవాడు. ఆవకాయ జాడీ ఒకటి పగిలింది. పిల్లి ఓపిగ్గా మాటు వేసి కూర్చుంటే, బయటికొచ్చే ఎలుక కాస్తా వీడి అరుపుకి కలుగులోకి పారిపోయేది. పిల్లి వాడి వైపు చూసే చూపులో పరమ అసహ్యం ఉండేది.

ఒకరోజు పిల్లి ఎలుకని నోట కరుచుకుని వస్తుంటే, భీముడు దాని మీద పడి ఎలుకని లాక్కున్నాడు. లాక్కెళ్ళి గురువుగారి ముందు పడేసి, తోక ఆడిస్తూ నిలబడ్డాడు. మొహాన పిల్లి గోళ్ళ గీతలు. కళ్ళల్లో మాత్రం కొండంత ఆశ.

గురువుగారు వాడి మొహం చూశారు. శభాష్ రాలేదు.

కోదండానికి నవ్వాగలేదు. "చూశారా అమ్మగారూ, దీని కుళ్ళు! వేళకి కూడు పెడుతూనే ఉన్నారు కదా, పిల్లిని చూసి దీనికెందుకండీ ఏడుపు?"

సుందరమ్మ గారు కూడా నవ్వారు. గురువుగారు కోదండం వైపు ఒకసారి చూసి, "ఊఁ" అన్నారు.

ఇక కోదండం సంగతి. ఆ ఇంట్లో ఎడమచేతి నాదానికి అతను పెట్టింది పేరు. అది పలికితే పాడేవాళ్ళు కళ్ళు మూసుకుని నిశ్చింతగా పాడేవారు. ఇప్పుడు అతను ఎడమచెయ్యి సంగతి వదిలేసి, గదిలో తలుపేసుకుని కుడిచేతిని తరమడం మొదలుపెట్టాడు. లింగమూర్తి వేగం తనకీ రావాలి. వేగం రాలేదు గాని, వేళ్ళు వాచాయి. ఉన్న నాదం కాస్తా పలచబడింది.

"ఎడమచెయ్యి ఏమైందిరా?" అన్నారు గురువుగారు ఒకరోజు సాధన మధ్యలో.

కోదండం తల వంచుకున్నాడు. పక్కన లింగమూర్తి ఉండగా ఆ మాట అన్నారన్నదే అతనికి వినిపించింది. మాట వినిపించలేదు.

నవమి ముందురోజు పొద్దున్న సాధన అయ్యాక గురువుగారు లేస్తూ లేస్తూ అన్నారు.

"లింగమూర్తీ, రేపటికి నీ మృదంగం కూడా సిద్ధంగా ఉంచు."

"ఆయ్, అలాగేనండి."

రేపు పాడడానికి వచ్చే భాగవతులు గారిది కిందిశ్రుతి. ఆ శ్రుతికి పలికే పెద్ద మృదంగాలు ఇంట్లో రెండే ఉన్నాయి, గురువుగారిదీ లింగమూర్తిదీ. కోదండానిది చిన్నది, పైశ్రుతికి కట్టింది. గురువుగారి మృదంగం ఎప్పటికైనా తనకే వస్తుంది గదా అని అతను ఇంకొకటి కొనుక్కోలేదు. లింగమూర్తి మృదంగం రేపు పందిట్లోకి వస్తోందంటే దానికి అర్థం ఒక్కటే అనుకున్నాడు. అసలు ఏమిటండీ అని గురువుగారిని అడిగితే సరిపోయేది. కుళ్ళుకునేవాడు అడగడు, అనుకుంటాడు.

భోజనాలయ్యాక అందరూ పందిరి పని చూడ్డానికి బయల్దేరారు. "మృదంగాలు తుడిచి వెనకాల వస్తాను" అన్నాడు కోదండం.

గురువుగారి మృదంగానికి రవ్వ తీసి తుడిచాడు. తనది తుడిచాడు. లింగమూర్తిది ముందుకి లాక్కుని, రవ్వ ముద్ద వంక చాలాసేపు చూశాడు. గురువుగారిదీ లింగమూర్తిదీ ఎప్పట్లాగే పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. లింగమూర్తిది తుడవలేదు.

ఎలుక చేసిన పనికి ఎవర్నంటారు?

పందిరి దగ్గర తాటాకులు అందిస్తున్నంతసేపూ అతను ఇంటివైపే చూస్తూ ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా అందరూ తిరిగొచ్చారు. వాకిట్లో ఎవరిదో దూడ నిలబడి, రేపటి తోరణాలకి తెచ్చిన మామిడాకులు నింపాదిగా నములుతోంది. గుమ్మంలో భీముడు లేడు.

లోపల హాల్లో ఉన్నాడు, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని. పిల్లి వీపు పైకి ఎత్తి దూలం మీద కూర్చుని ఉంది. బల్ల పక్కకి ఒరిగింది. లింగమూర్తి మృదంగం మీద రవ్వ ముద్ద సగం లేదు, మిగిలిన సగం నిండా ఎలుక పళ్ళ గాట్లు. తోలు మాత్రం తెగలేదు. ఎలుకలు తోలు దాకా వెళ్ళేలోపే భీముడు వాటి మీదికి దూకాడు.

దూకినప్పుడు గురువుగారి మృదంగం కింద పడింది. దాని ఎడమ తోలు వాడి పంజా కింద నిలువునా చిరిగింది.

"నీ కాళ్ళు విరగ!" అంటూ సుందరమ్మ గారు కర్ర తీశారు. గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

లింగమూర్తి తన మృదంగం మీద రవ్వ చూసి, అక్కడే కూలబడ్డాడు. "తప్పు నాదేనండి," అన్నాడు ఏడుపు గొంతుతో. "రవ్వ తీశారో లేదో నా వాద్యం నేను చూసుకోవద్దా? అన్నయ్య ఉన్నాడులే అని వెళ్ళిపోయేను. నా మూలంగా మీ మృదంగం పోయిందండి."

కోదండం స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఏ మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకోవాలని కలలు కన్నాడో, అది నేలమీద పడి ఉంది. కొత్త తోలు వేసే మనిషి ఊళ్ళో లేడు, రేపటికి అయ్యే పనీ కాదు. లింగమూర్తి ఇంకా ఏడుస్తున్నాడు. నోరు మూసుకుని నిలబడితే చాలు, నింద వాడే మోసుకుపోతాడు.

గురువుగారు వంగి, చిరిగిన తోలు మీద వేలు పెట్టి చూసుకున్నారు. తరవాత వంటింట్లోకి వెళ్ళి ఒక అన్నం ముద్ద చేతిలో పట్టుకొచ్చారు.

"రారా," అన్నారు భీముడితో.

వాడు పొట్ట నేలకి రాసుకుంటూ ఆయన వెనక వెళ్ళాడు. గురువుగారు గోడ పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ, గడప మీద కూర్చున్నారు. వాడి చోట్లోనే వాడికి అన్నం పెట్టారు. వాడు తినకుండా ఆయన మొహం వంక చూస్తున్నాడు.

"ఏరా భీముడూ," అన్నారాయన. గొంతు ఏమీ పెంచలేదు గాని, హాల్లో అందరికీ వినబడింది. "పిల్లిని శభాష్ అన్నాను. గుమ్మం దానికిచ్చేశానని ఎవరు చెప్పార్రా నీకు?"

భీముడు ఆయన పాదం మీద తల పెట్టాడు. ఆయన వాడి చెవుల వెనక నిమురుతూ కూర్చున్నారు.

కోదండం స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"గురువుగారూ. లింగమూర్తి చూసుకోకపోవడం కాదండి. ఆ రవ్వ నేనే కావాలని వదిలేశాను."

సుందరమ్మ గారి చేతిలో కర్ర కింద పడింది. లింగమూర్తి తలెత్తి చూశాడు, నమ్మలేనట్టు. ఆ చూపుని కోదండం భరించలేకపోయాడు. గురువుగారు వెనక్కి తిరగలేదు.

"ఊఁ," అన్నారు.

మళ్ళీ ఆయనే అన్నారు. "రేపు పందిట్లో ఏది వాయిస్తావు? నీది భాగవతులు గారి శ్రుతికి అందదు. నాది పాతది, మధ్యలో మొరాయిస్తే ఉంటుందని లింగమూర్తిది కూడా సిద్ధం చెయ్యమన్నాను. ఇప్పుడు నాది ఇలా అయింది."

"నేను కూర్చోనండి," అన్నాడు కోదండం. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "లింగమూర్తి వాయిస్తాడండి."

"ఎవరు వాయిస్తారని అడగలేదురా. ఏది వాయిస్తావని అడిగాను."

లింగమూర్తి ముక్కు తుడుచుకుని లేచి, తన మృదంగాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి, కోదండం ముందు పెట్టాడు. మొహంలో నవ్వు లేదు.

"రవ్వ ఎండిపోయింది అన్నయ్యా. గీకితే తోలు లేచిపోద్ది. తడిగుడ్డ వెయ్యాలి."

కోదండం కూర్చుని, గుడ్డ తడిపి, సగం తిన్న ఆ ముద్ద మీద పరిచాడు. ఎండిన రవ్వ నానడానికి చాలాసేపు పడుతుంది. తొందరపెడితే తోలు పాడవుతుంది. వాకిట్లో దూడ మళ్ళీ వచ్చినట్టుంది, గుమ్మంలోంచి భీముడు మొరిగాడు.

కోదండం తల ఎత్తకుండా గుడ్డ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. గుడ్డ కింద ఎలుక పళ్ళ గాట్లు వేళ్ళకి తగులుతూనే ఉన్నాయి.