తూర్పు బొరియ పాఠం

వరికోతలు అయిపోయాయి. చేలో మిగిలింది మోళ్లూ, పెద్దగట్టు కింద ఎలుకల బడీ. బడికి మేష్టారు ఒక ముసలి పందికొక్కు. పిల్లలు ఇరవై మంది. పాఠం ఒక్కటే.

"పడమటి బొరియ దగ్గర నక్క కూస్తే?" అని మేష్టారు అరిచేవాడు.

"తూర్పు బొరియలోంచి పరుగు!" ఇరవై గొంతులు ఒక్కసారిగా లేచేవి.

"ఎలా?"

"వరసగా! నడుమ ఆగరాదు! వెనక్కి చూడరాదు! ప్రాణం పోయినా నోరు మెదపరాదు!"

మేష్టారి తాత ఒకసారి అలాగే తప్పించుకున్నాడట. అప్పట్నుంచి అదే చదువు. పాఠం ఎంత దూరం వినబడితే బడికి అంత పేరు. అందుకని రోజూ పొద్దున్నే గట్టు అదిరేలా వల్లెవేయించేవాడు.

ఒకనాడు తవిటమ్మ అనే బక్కపిల్ల లేచి నిలబడింది.

"మేష్టారూ, నక్కలు రెండొస్తేనో?"

"పాఠంలో ఎన్నున్నాయే?"

"ఒకటండీ."

"అయితే ఒకటే వస్తుంది. కూర్చో."

"అది కాదండీ. ఒకటి పడమట కూస్తూ, రెండోది తూర్పున కూర్చుంటే..."

పిల్లలు కిసుక్కుమన్నారు. మేష్టారి మీసాలు నిక్కాయి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? మా తాతకు రాని అనుమానం నీకొచ్చిందా? పో, తూర్పు బొరియ గుమ్మంలో చెవులు పట్టుకుని నిలబడు!"

నిలబడింది. అందుకే చూసింది. ఎదుటి తుంగపొదలో ఒక నక్క, దాని పక్కన దాని పెళ్లాం. లోపల పిల్లలు వల్లిస్తున్నకొద్దీ ఆడనక్క పెదవులు కదుపుతోంది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది మన బతుకు," అంటోంది ఆడనక్క మొగుడితో. "నెల్లాళ్లుగా గోళ్లరిగేలా తవ్వావు. ఇక తవ్వకు మావా, విను."

"ఈ వయసులో నాకు చదువేమిటే?"

"తిండి పెట్టే చదువు. రేపు పడమట నువ్వు కూయి. తూర్పున నేను కూర్చుంటా."

"గుమ్మంలో ఒకటి నిలబడి ఉంది, పట్టనా?"

"ఒక్కదానికి ఆశపడి ఇరవైని బెదరగొడతావా? కదలకు."

వాళ్ల గుసగుసలు తవిటమ్మకు అందలేదు. చూసింది చాలు. లోపలికి పరుగెత్తింది.

"మేష్టారూ! తుంగలో నక్కలు, రెండున్నాయి! ఆడది మన పాఠం వల్లిస్తోంది!"

"వల్లించనీ. నీకంటే అదే నయం," అన్నాడు మేష్టారు. బడంతా పగలబడి నవ్వింది.

ఇంటికెళ్లి తల్లికి చెప్పింది. తల్లి చెవులు మూసుకుంది. "మేష్టారికి ఎదురు చెబితే పేరు కొట్టేస్తారే! పక్క గట్టువాళ్ల ముందు మేం తలెత్తుకోవద్దూ? నువ్వెలాగూ ఇంతే. నీ తమ్ముణ్ణయినా చదువుకోనీ."

మర్నాడు పొద్దున చేనంతా మంచు. పిల్లలు వచ్చి కూర్చున్నారో లేదో, పడమటి బొరియ దగ్గర నక్క కూసింది.

మేష్టారి కళ్లు మెరిశాయి. ఇన్నేళ్ల చదువుకు ఇవాళ పరీక్ష. "పాఠం!" అన్నాడు.

పిల్లలు వరస కట్టారు. తవిటమ్మ తూర్పు బొరియకు అడ్డం పడింది.

"పోకండ్రా! రెండోది అక్కడుంది! ఒక్కసారి ఆగి వాసన చూడండ్రా!"

ఎవరూ ఆగలేదు, నడుమ ఆగరాదు. ఎవరూ జవాబివ్వలేదు, నోరు మెదపరాదు. ఆమెను తొక్కుకుంటూ ఒకరి వెనక ఒకరు పోయారు. చిట్టచివర ఆమె తమ్ముడు నూకరాజు. వాడి తోక పళ్లతో పట్టుకుంది.

"వదలవే అక్కా! నాకు సున్నా వేస్తారు!"

వదల్లేదు. తోక కొస తెగితే కాలు పట్టుకుంది.

బయట పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. పద్దెనిమిది. ఒక్క పిల్ల కూడా కీచుమనలేదు.

"విన్నావా తవిటీ?" అన్నాడు మేష్టారు. "ఒక్కడైనా కిక్కురుమన్నాడా? చదువంటే అదీ!"

"అందుకేనండీ నాకు భయం," అంది తవిటమ్మ.

పిల్లలందరూ బయటపడ్డాక తోకలు లెక్కపెట్టుకోవడం మేష్టారి వంతు. గర్వంగా తూర్పు బొరియలోంచి తల బయటపెట్టాడు. మంచులో ఆడనక్క మూతి నాక్కుంటోంది. దాని ముందు తోకలు మాత్రం మిగిలాయి. కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు.

అప్పటికే మొగనక్క చుట్టు తిరిగి వచ్చింది. మేష్టారి మీదికి దూకబోయింది.

"ఆగు మావా," అంది ఆడనక్క. "ఆయన జోలికి పోకు. ఆయన చల్లగా ఉంటేనే కదా వచ్చే కోతలకీ బడి!"

మేష్టారు కాళ్లీడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. బడి ఖాళీ. ఉత్తరపు గోడకు కొత్తగా ఒక కంత, దాని అంచున మట్టి ఇంకా రాలుతోంది. ఏ పాఠంలోనూ లేని దారి. తవిటమ్మా, తమ్ముడూ అందులోంచే పోయారు.

మేష్టారు తన చోట కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచలేదు. తెలిసింది ఒక్కటే, అదే అడిగాడు.

"పడమటి బొరియ దగ్గర నక్క కూస్తే?"

"తూర్పు బొరియలోంచి పరుగు!" తుంగపొదలోంచి జవాబు వచ్చింది, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

ప్రశ్న అడిగినవాళ్లను బయట నిలబెట్టే బడిలో మొదటి మార్కు ఎప్పుడూ నక్కదే.