స్లాబు దాటిన బుద్ధాలవారు

తెలివి పంచిపెట్టిన రోజున జీడిపాలెంలో బుద్ధాలవారి ఇంటికి రెండు కుంచాలు ఎక్కువ కొలిచారని ఒక వాడుక. ఆ వాడుక పుట్టించింది బుద్ధాలవారే. ఊళ్ళో మరెవరూ ఆ మాట అనడం లేదు కాబట్టి తామే అనుకోవాల్సి వచ్చిందని పెద్దవాడు గవరయ్య చెప్పేవాడు. వాళ్ళమ్మ ఎరకమ్మ ఇంకాస్త ముందుకెళ్ళి, "మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి రాదు. తెలివితో నిండిపోయిన తలలో నొప్పికి చోటెక్కడిది?" అనేది. గవరయ్య భార్య చినతల్లి అవునని తలూపేది. తమ్ముడు పోలయ్య అందరికన్నా గట్టిగా ఊపేవాడు.

పోలయ్యకి ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. ఒక సంబంధం వాళ్ళు వచ్చి "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగితే, "మీతో మాట్లాడుతున్నాను కదండీ" అన్నాడు. ఇంకో సంబంధం వాళ్ళు "చేతిలో ఏదైనా పనుందా?" అంటే రెండు చేతులూ తిప్పి చూపించాడు. అంతే, వాళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచారు. నిజం చెప్పేవాడికి పిల్ల దొరకని కాలమని ఎరకమ్మ ముక్కు చీదింది.

ఆ వేసవిలో సూరమ్మత్త ఒక ఫోటో పట్టుకొచ్చింది. పిల్ల పేరు హైమ. ఫోటోలో నవ్వుతోంది. నవ్విన మనిషికి బదులు నవ్వకపోతే బాగుండదని పోలయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు పొద్దుగూకే దాకా అతని మొహం మీంచి దిగలేదు. ఈ పిల్ల తనకి దక్కకపోతే ఇంకెవరి ఫోటో చూసినా ఇలా నవ్వు రాదని అతనికి గట్టిగా అనిపించింది.

"పిల్ల తండ్రి దాలినాయుడు కరెంటాఫీసులో బిల్లులు చూసి చూసి రిటైరయ్యాడు," అంది సూరమ్మత్త. "ఆదివారం పిల్లని వెంటబెట్టుకుని మీ ఇల్లు చూడ్డానికి వస్తాడు. ఆయనకో పట్టింపు ఉంది. కరెంటు బిల్లు చూస్తే చాలట, ఆ ఇంటివాళ్ళ తెలివి తెలిసిపోతుందట. అడిగితే చెప్పేలా ఉండండి."

"తెలివి చూడ్డానికే అయితే ఇంకేం, పిల్ల మనదే," అన్నాడు గవరయ్య.

మర్నాడే బిల్లు తీసే త్రినాథు వచ్చాడు. మీటరు చూసి, చేతిలో చిన్న మిషను నొక్కి, చీటీ చింపి, అది చూసి తనే నోరు తెరిచాడు. "గవరయ్యా, ఈసారి బిల్లు పట్టుకుంటే షాక్ కొడుతుంది," అంటూ చీటీ అందివ్వబోయాడు.

ఇంకేముంది. గవరయ్య ఒక్క గెంతులో అరుగు దిగాడు. చినతల్లి లోపలికి పరిగెత్తి పట్టకారు తెచ్చింది. ఇనుములోంచి కరెంటు పాకుతుందని ఎరకమ్మ కోప్పడింది. చివరికి పోలయ్య రబ్బరు చెప్పులు తొడుక్కుని, రెండు చీపురు పుల్లలతో చీటీని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పెరట్లో దండెం మీద ఆరేసి వచ్చాడు.

"కరెంటంతా కారిపోయాక చదువుదాం," అన్నాడు గవరయ్య.

త్రినాథు తన చేతి వంక ఒకసారి, వాళ్ళ వంక ఒకసారి చూశాడు.

"ఆయన చెయ్యి అలవాటుపడిపోయింది పాపం," అంది చినతల్లి.

"ఇంత బిల్లు ఎందుకొచ్చింది త్రినాథూ?" అని అడిగాడు పోలయ్య. అతని కళ్ళ ముందు ఫోటోలో పిల్ల కదులుతోంది.

త్రినాథుకి ఇంకా వీధంతా మిగిలి ఉంది. బండి స్టార్టు చేస్తూనే గడగడా చెప్పేశాడు. "కరెంటు తెగ కాలుస్తున్నారు. పై స్లాబులో పడ్డారు. యూనిట్లు తగ్గించుకుని కింద స్లాబులోనే ఉంటే రేటు తక్కువ. స్లాబు దాటకండి. ఇంట్లో లోడు కూడా ఎక్కువే ఉన్నట్టుంది, తగ్గించండి. అక్కర్లేనప్పుడు ఫ్యాన్లూ టీవీలూ కట్టేయండి." అంతే, దుమ్ము లేపుకుంటూ పోయాడు.

నలుగురూ ఆ మాటల్ని పాఠంలా వల్లెవేసుకున్నారు. ఒక్క మాట కూడా జారిపోకుండా పట్టుకున్నందుకు తమని తామే మెచ్చుకున్నారు.

మొదటి అనుమానం ఎరకమ్మకి వచ్చింది. "తెగ కాలుస్తున్నాం అన్నాడు కదా. కాలిస్తే బూడిదుండాలి. మన బూడిదేదీ?"

ఇల్లంతా వెతికారు. మంచాల కింద లేదు. మీటరు కింద లేదు. దేవుడి గూట్లో అగరొత్తి బూడిద చిటికెడు దొరికింది. ఇంత బిల్లుకి ఇంత చిటికెడా? మిగతాది ఎవరో ఎత్తుకుపోయినట్టే. ఎరకమ్మ గోడ మీంచి తొంగి చూసింది. పక్కింటి వరాలమ్మ బూడిదతో గిన్నెలు తోముకుంటోంది.

"ఏమే వరాలూ, మా కరెంటు మేం కాల్చుకుంటే బూడిద నీకా?"

వరాలమ్మకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాని తిట్టుకి రెండింతలు తిట్టాలన్నది ఆవిడ పద్ధతి. మధ్యాహ్నం దాకా గోడకి అటూ ఇటూ అదే పని జరిగింది.

ఈలోగా గవరయ్య రెండో మాట పట్టుకున్నాడు. "పై స్లాబులో పడ్డారన్నాడు. మనలో ఎవరు పడ్డారు?"

అందరూ మోకాళ్ళు చూసుకున్నారు. దెబ్బల్లేవు. చినతల్లి మాత్రం తల దించుకుంది. "వడియాలు పెట్టడానికి డాబా మీదికి నేనే ఎక్కాను. పడలేదు. కాలు జారబోయింది, అంతే."

"జారబోయినందుకే ఇంత బిల్లు. నిజంగా పడి ఉంటే ఇల్లమ్ముకోవాల్సొచ్చేది," అన్నాడు గవరయ్య.

ఆ గడియ నుంచి డాబా మీదికి ఎవరూ ఎక్కకూడదని కట్టడి చేశారు. వడియాలు పైనే ఉండిపోయాయి. అవి చూసి కాకులు దిగాయి. పోలయ్య కంగారుపడ్డాడు. "అన్నా, కాకులు స్లాబు దాటుతున్నాయి. మన ఇంటి మీద వాలినవి మన లెక్కలోనే వేస్తారేమో."

"తరుమరా మరి."

పైకెక్కకూడదు కాబట్టి పోలయ్య కింద నుంచే రాయి విసిరాడు. రాయి కాకికి తగల్లేదు. డాబా మీద ఉన్న నీళ్ళ ట్యాంకుకి తగిలింది. అంతే, ట్యాంకు పగిలి గోడ వెంట నీళ్ళు ధారకట్టాయి. ఎక్కి ఆ కన్నం మూద్దామంటే స్లాబు దాటాలి. నలుగురూ బిందెలు పట్టుకుని కింద నిలబడ్డారు. ఇల్లు కదలకుండా జలపాతం వచ్చిందని చినతల్లి కాస్త సంబరపడింది కూడా.

ఆదివారం దగ్గరపడుతోంది. ఇక లోడు తగ్గించాలి. బియ్యం బస్తాలు వీధిలోకి మోశారు. రుబ్బురోలు దొర్లించారు. బీరువాని నలుగురూ కలిసి నెట్టారు. స్నానాల గదిలో గోడకున్న గీజరు దగ్గర పోలయ్య ఆగాడు.

"ఇది తియ్యాలా అన్నా?"

గవరయ్య ఆలోచించాడు. "అది వేలాడుతోంది కదరా. నేల మీద మోపని బరువు బరువు కాదు. వదిలెయ్."

అన్నీ బయటికి చేరాక గవరయ్య తల్లి వంక అదోలా చూశాడు. ఎరకమ్మ కాస్త భారీ మనిషి. అర్థం చేసుకుంది. చిన్నవాడి పెళ్ళి కోసం తల్లి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? వెళ్ళి వీధిలో బియ్యం బస్తాల మీద కూర్చుంది.

మిగిలింది ఆఖరి మాట, ఫ్యాన్లూ టీవీలూ కట్టేయమన్నది. ఆదివారం పొద్దున్న కరెంటు పోయి ఫ్యాను ఆగిన సమయం చూసి, పోలయ్య స్టూలెక్కి పలుపుతాడుతో దాని రెక్కలు మూడూ బిగించి కట్టాడు. టీవీని తీసుకెళ్ళి కొట్టంలో గేదె పక్కన గుంజకి కట్టేశాడు. గేదె దాన్ని వాసన చూసి, నచ్చక, ఒక్కటి తన్నింది. టీవీకి నిలువునా బీట పడింది. కట్టేసిన వస్తువు తన్నులు తింటే తప్పు కట్టినవాడిది కాదని పోలయ్య సర్దిచెప్పుకున్నాడు.

సరిగ్గా దాలినాయుడూ హైమా ఆటో దిగే వేళకి కరెంటు వచ్చింది. ఫ్యాను స్విచ్చి వేసే ఉంది. తిరగబోయింది, తిరగలేక మూలిగింది. కాసేపటికి కమురు వాసన, వెనకే పొగ.

"అదిగోరా, ఇప్పుడు నిజంగా కాలుతోంది," అంది ఎరకమ్మ బస్తాల మీంచి, తృప్తిగా.

దాలినాయుడు గబగబా లోపలికొచ్చి స్విచ్చి ఆపాడు. తర్వాత చుట్టూ చూశాడు. కట్టేసిన ఫ్యాను, ఖాళీ గది, గోడ వెంట నీళ్ళు, పెరట్లో దండెం మీద బిల్లు. పోలయ్య చేతులు కట్టుకుని జరిగిందంతా మొదటినుంచీ చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. చెబుతూ ఉంటే ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించి తలెత్తాడు. హైమ. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ జడలో పూలు కింద పడిపోయాయి. ఫోటోలోకన్నా బాగుందని పోలయ్య అనుకున్నాడు.

దాలినాయుడు మాత్రం నవ్వలేదు. బిల్లుల మనిషి. బిల్లు తెప్పించుకుని, ఓపిగ్గా చెప్పాడు. "చూడండి. ప్రతి వస్తువు మీదా ఎన్ని వాట్లో రాసుంటుంది. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిటు. తొమ్మిది వాట్ల బల్బు నాలుగు రోజులకు పైగా ఆపకుండా వెలిగితే గానీ ఒక యూనిటు కాదు. వాట్లని గంటలతో హెచ్చించి వెయ్యితో భాగించుకుంటే రోజు లెక్క తేలుతుంది. దాన్ని ముప్పైతో హెచ్చిస్తే నెల లెక్క. స్లాబు అంటే మీ డాబా కాదు. వాడకం పెరిగినకొద్దీ పైపైకి పోయే రేట్ల మెట్లు."

"మెట్లు కూడా ఎక్కకూడదన్నమాట," అన్నాడు గవరయ్య.

దాలినాయుడు బిల్లు మడిచి పక్కన పెట్టాడు. అప్పుడే స్నానాల గదిలోంచి నీళ్ళు కాగుతున్న చప్పుడు ఆయన చెవిన పడింది. "ఆ గీజరు ఎప్పుడు వేశారు?"

"కొన్న రోజునే," అంది చినతల్లి.

"ఎప్పుడు ఆపారు?"

"ఎలా ఆపుతామండీ? ఇక మీ ఇంట్లో ఎప్పుడూ వేడినీళ్ళేనని కొట్టువాడు చెప్పి అమ్మాడు. ఆపితే ఆయన మాట తప్పినట్టవదూ?"

"రెండు వేల వాట్లమ్మా అది. నీళ్ళు చల్లారినప్పుడల్లా మళ్ళీ కాచుకుంటుంది. మిమ్మల్ని పై మెట్టు ఎక్కించింది ఇదే." ఆయన వెళ్ళి గీజరు ఆపాడు.

పోలయ్యకి లెక్క ఒక్కసారిగా బోధపడింది. రెండు వేల వాట్లు, అరగంట, అంటే ఒక యూనిటు. తొమ్మిది వాట్లు, పది గంటలు, అంటే పదో వంతు కూడా లేదు. గోడ మీది గడియారం తప్ప అన్నింటికీ గబగబా లెక్క కట్టి చెప్పాడు. అన్నీ సరిపోయాయి. దాలినాయుడు మొహం విప్పారింది. హైమ తండ్రిని పక్కకి పిలిచి మెల్లగా అంది, "వీళ్ళకి అబద్ధమాడ్డం చేతకాదు నాన్నా. నాకు ఇంత నవ్వు ఎప్పుడూ రాలేదు. ఈ ఇల్లే."

"సరే అబ్బాయీ," అన్నాడు దాలినాయుడు పోలయ్య భుజం తట్టి. "ఇంటికి దీపం ఇల్లాలు అన్నారు. మా హైమ అడుగుపెట్టాక మీ ఇంటికి ఇంకో వెలుగు అక్కర్లేదు."

పోలయ్య కాసేపు ఆలోచించాడు. "ఎన్ని వాట్లండీ?" అని వినయంగా అడిగాడు.

అల్లుడు చమత్కారి అని దాలినాయుడు మురిసిపోయాడు. "వెయ్యి వాట్లు."

అంతే. పెళ్ళినాడు పొద్దున్నే బుద్ధాలవారు ఇంట్లో బల్బులన్నీ విప్పి గంపలో పెట్టేశారు. కొత్త దీపం వస్తుంటే పాతవి దేనికి?

పెళ్ళయి, సంజె వేళ హైమ కుడికాలు పెట్టి ఇంట్లోకి వచ్చింది. లోపల చిమ్మచీకటి. ఆమెని పీట మీద కూర్చోబెట్టి నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ఎదురుచూస్తున్నారు.

"ఇక వెలుగమ్మా," అంది ఎరకమ్మ ఆప్యాయంగా.

హైమకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత పెదవి బిగబట్టుకుని అంది, "అందరి ముందూ ఎలా అత్తమ్మా, సిగ్గుగా ఉంది. మీరంతా ఒక్కసారి బయటికెళ్ళండి."

న్యాయమే. అందరూ అరుగు మీదికి నడిచారు. హైమ ఫోను వెలుతురులో వెతికి, మూలనున్న గంపలోంచి ఒక బల్బు తీసి, స్టూలెక్కి బిగించి, స్విచ్చి వేసింది. కిటికీలోంచి వెలుగు వీధిలోకి పడింది.

"వెలిగిందిరా," అన్నాడు గవరయ్య. అందరూ లోపలికి పరుగెత్తారు. పోలయ్యకి ఆమె మొహం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎంతసేపైనా అలాగే చూస్తూ ఉండిపోయేవాడే. కానీ అన్న మోచేత్తో పొడిచాడు.

"వెయ్యి వాట్లురా. గంటకో యూనిటు. తెల్లార్లూ వెలిగితే మళ్ళీ పై స్లాబే. ఇవాళ్టికి చాలు, ఆర్పెయ్."

మనసొప్పలేదు గానీ పోలయ్యకి లెక్క తెలుసు. భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏమీ అనుకోకు హైమా," అని, బుగ్గలు నిండా పూరించి, ఆమె మొహం మీద "ఉఫ్" అని ఊదాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇల్లు, వీధి, వరాలమ్మ వాకిలి, దూరంగా చెరుకు బళ్ళు ఆగే కూడలి, అన్నీ ఒక్కసారే చీకటైపోయాయి. చీకట్లో హైమ నవ్వు మొదలైంది.

గవరయ్య నెత్తి కొట్టుకున్నాడు. "కాస్త మెల్లగా ఊదాలిరా. ఊరంతా ఆర్పేశావు."