సన్యాసిరావు సారీ

బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో సన్యాసిరావు అనే వీణల పనివాడు ఉండేవాడు. చేతిలో మంచి పని ఉంది కానీ, ఏ తప్పు చేసినా "సారీ" అనేసి మరుక్షణం మర్చిపోయేవాడు.

ఆ మాట విశాఖపట్నంలో ఫర్నిచర్ షాపులో రెండేళ్లు పనిచేసినప్పుడు అంటుకుంది. ఎవరి కాలైనా తొక్కితే సారీ. టీ ఒలకబోస్తే సారీ. పదింటికి రమ్మంటే పన్నెండింటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే సారీ. ఒకసారి దారిలో గేదెను గుద్దుకుని దానికీ చెప్పాడట. నేను చూడలేదు గానీ, నమ్ముతాను.

అతనికి పని నేర్పిన మేనమామ అప్పన్న ఓ రోజు అడిగాడు. "ఆ మాటకి అర్థం ఏట్రా?"

"తప్పు నాదే, బాధపడుతున్నాను అని, మావయ్యా."

"పడుతున్నావా మరి?"

"అలా అనడం మర్యాద. అంతకుమించి ఏం లేదు."

అప్పన్న మళ్లీ ఉలి నూరుకోసాగాడు.

ఆ ఏడాది భ్రమరాంబ అనే సంగీతం టీచరు వాళ్ల దగ్గర వీణ చేయించుకుంది. ఆమె పాత వీణ పాడైపోయింది. సంగీత కళాశాలలో ఉద్యోగానికి పరీక్ష ఉంది, వీణ వాయించి చూపాలి. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకు అదే ఆఖరి అవకాశం.

అక్కడ వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. వీణ కుండ, అంటే గుండ్రటి బుర్ర, దాని లోపల ఉలితో నాలుగు దెబ్బలు వేసి, వేలి కణుపుతో తట్టి వినాలి. గోడ పల్చబడితే చప్పుడు మారుతుంది. సన్యాసిరావు ఫోన్లో కబుర్లాడుతూ తట్టడం మానేశాడు. కుండకు సన్నటి పగులు వచ్చింది. అందులో లక్కా, రంపపు పొట్టూ కూరి, పైన మెరుగు పెట్టి, మావయ్యకు చెప్పకుండా ఆమెకు ఇచ్చేశాడు.

వారం తిరక్కుండా భ్రమరాంబ వీణ తీసుకుని వచ్చింది. లక్క ఊడిపోయింది. తీగ మీటితే వీణ గరగరలాడింది.

"సారీ అమ్మా" అన్నాడు సన్యాసిరావు, ఎప్పటిలాగే.

ఆమె తిట్టలేదు. "పరీక్ష ఇంకో ఎనిమిది రోజులే ఉంది, బాబూ" అంది.

అప్పన్న లేచి, ఆ వీణను తెచ్చి మేనల్లుడి ఒళ్లో పెట్టాడు. "ఆ మాటేదో దీనికి చెప్పు. పలుకుతుందేమో చూద్దాం."

సన్యాసిరావు ఆ పగులును వేలితో తడిమాడు. అతనికి మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

కొత్త వీణ చెయ్యాలంటే నెలలు పడుతుంది. కానీ అతని ఇంట్లో దేవుడి గదిలో ఒక వీణ ఉంది. పోయిన తండ్రి ఆఖరున చేసిన వీణ అది. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. ఇంటికెళ్లి దాన్ని దింపాడు. కొత్త తీగలు వేశాడు. మైనం కరిగించి పోసి, ఒక్కో మెట్టునూ తట్టి, విని, సరిచేశాడు. నాలుగు రోజులు ఫోను ముట్టుకోలేదు. అయిదో రోజు ఆ వీణను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఆమె ఇంటికి వెళ్లాడు.

భ్రమరాంబ వాయించి చూసింది. చాలాసేపు ఆపలేదు. "ఇది మీ నాన్నగారిదట కదా. ఎప్పుడు తిరిగివ్వమంటావు?"

"ఇవ్వక్కర్లేదమ్మా. ఇది మీదే" అన్నాడు. సారీ మాత్రం అనలేదు. ఆ సంగతి అతనికి బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. సన్యాసిరావు దేవుడి గదిలో ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. రోజూ పొద్దున్న అక్కడ దణ్ణం పెట్టుకున్నాకే పనికి వెళతాడు. నాలుగు దెబ్బలకోసారి తట్టి వింటాడు.

నీతి: చేసిన నష్టాన్ని పూడ్చడానికి మనం ఏదీ వదులుకోనప్పుడు, క్షమాపణ ఏ భాషలో చెప్పినా చెప్పనట్టే.